పునాది గుంతలో పాత గోడ బయటపడింది: చెప్పాలా, పూడ్చేయాలా?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. చంద్రపూర్ కోటగోడ లోపల తాతగారు కొన్న ఇల్లు పడగొట్టి, అదే స్థలంలో కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ వేస్తున్నారు. ఆ కోటగోడ రక్షిత కట్టడం, స్థలం దానికి సుమారు 230 మీటర్ల దూరం. అనుమతి వచ్చింది. తవ్వకం పురావస్తు సిబ్బంది చూస్తుండగా జరగాలని అందులో ఒక షరతు ఉంది. మూడో పిల్లర్ గుంతలో నాలుగడుగుల లోతున సున్నంతో కట్టిన ఇటుక గోడ ఒకటి, దాని పక్కన బూడిద, కుండపెంకులు, గాజుల ముక్కలు బయటపడ్డాయి. మేస్త్రీ "రాత్రికి రాత్రి కాంక్రీటు పోసేద్దాం, చెప్తే స్థలమే పోతుంది" అంటున్నాడు. నాన్నగారు టెన్షన్‌తో నిద్రపోవడం లేదు. చెప్పాలా వద్దా, చెప్తే పని ఎన్నాళ్ళు ఆగుతుంది, వచ్చినవాళ్ళు అసలు ఏం చూస్తారు అని అడిగారు.

చెప్పండి. రేపు పొద్దున్నే పురావస్తు శాఖ నాగపూర్ సర్కిల్ ఆఫీసుకు, అంటే మీ ప్రాంతం చూసే ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ వెంటనే రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. విదర్భలోని పాత ఊళ్ళలో పునాది గుంతల పక్కన నిలబడి చూడటమే చాలా ఏళ్ళు నా ఉద్యోగం. మన తెలుగువాళ్ళ ఇళ్ళు ఎక్కువగా ఉండే లాల్‌పేట, బల్లార్‌పూర్ వైపు కూడా తిరిగాను. మీ మేస్త్రీ చెప్పిన మాట ప్రతి ఊళ్ళోనూ విన్నాను. అది నిజమైన సందర్భం మాత్రం నా కంట పడలేదు.

ముందు నాన్నగారి భయం సంగతి. గుంతలో పాత గోడ కనబడినంత మాత్రాన స్థలం ప్రభుత్వానిది అయిపోదు. ఒక కట్టడాన్ని జాతీయ ప్రాధాన్యం గలదిగా ప్రకటించాలంటే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం కేంద్రం ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, ఆ తర్వాతే గెజిట్‌లో వేయాలి. భూమి తీసుకోవాలన్నా పరిహారం ఇచ్చే తీసుకోవాలి. ఇంటి పునాదిలో తేలిన నాలుగు వరసల ఇటుక కోసం అంత దూరం ఎవరూ వెళ్ళరు. ఈ పేరా నాన్నగారికి చదివి వినిపించండి.

అసలు ప్రమాదం మేస్త్రీ చెప్పే దారిలోనే ఉంది. 2010 సవరణ తర్వాత, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీది రెండోదాంట్లో పడింది కాబట్టే అనుమతి దొరికింది. ఆ అనుమతిలోని షరతుకు విరుద్ధంగా కడితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రాత్రి పోసిన కాంక్రీటు గురించి కూలీల్లో ఒక్కరు టీ కొట్టు దగ్గర నోరు జారినా చాలు. అప్పుడు ఆగే పని రెండు రోజుల్లో మళ్ళీ మొదలవదు.

కోటగోడకు ఆనుకుని బతుకుతున్నవాళ్ళ కష్టం వేరు, దాని గురించి ఒక మాట చెప్పాలి. వంద మీటర్ల లోపల కొత్త కట్టడానికి అనుమతి రాదు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇల్లయితే మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతే. చంద్రపూర్‌లో రక్షిత కట్టడం అంటే ఊరికి ఒక మూలన ఉన్న గుడి కాదు. ఊరినంతా చుట్టిన గోడ. నాలుగు దర్వాజాలు, ఐదు ఖిడ్కీలు అనే చిన్న ద్వారాలు, ఆ వెంట వరసగా ఇళ్ళు. పిల్లలు పెద్దవాళ్ళై గది చాలక ఇబ్బందిపడే కుటుంబాలు నాకు తెలుసు. వాళ్ళ కోపం అర్థం చేసుకోదగినదే. కానీ ఆ కోపం మీ గుంత మీద తీర్చుకుంటే పోయేది ఊరి చరిత్రే. దానివల్ల వాళ్ళకు ఒక్క గది కూడా పెరగదు.

ఇక మీ మూడో ప్రశ్న, వచ్చినవాళ్ళు ఏం చూస్తారన్నది. చాలామంది అనుకునేది వస్తువుల కోసం వస్తారని. నాణెం దొరికితే సంతోషమే కానీ, మేం ముఖ్యంగా చూసేది గుంత గోడల్ని, అంటే మట్టి పొరల్ని. ఏ పొర మీద ఏ పొర ఉంది, ఏది దేన్ని కోసుకుంటూ దిగింది అన్నదే మొత్తం సమాచారం. వస్తువును తీసి మ్యూజియంలో పెట్టవచ్చు. పొరల వరసను తీసి ఎక్కడా పెట్టలేం. తవ్విన క్షణం నుంచి అది మన రాతల్లో, ఫొటోల్లో మాత్రమే ఉంటుంది.

మీరు పంపిన ఫొటోనే తీసుకుందాం. పైన అడుగున్నర మేర సిమెంటు పెళ్ళలు, ప్లాస్టిక్ కవర్లు, కొత్త ఇటుక ముక్కలు. అది మొన్న మీరు పడగొట్టిన ఇంటిది. దాని కింద జానెడు మందాన తెల్లటి సున్నం పెళ్ళలు కలిసిన మట్టి. అంతకు ముందు అక్కడ ఇంకో ఇల్లు ఉండి కూలిందన్నమాట. ఆ కింద వేలెడు బూడిద. బూడిద అడుగున మట్టి ఎర్రగా కాలి ఉంటే మంట అక్కడే మండింది, పొయ్యో అగ్నిప్రమాదమో. కాలిన ఎరుపు లేకపోతే ఎక్కడిదో బూడిద తెచ్చి పారబోశారు. మీ ఫొటోలో ఎరుపు కనబడటం లేదు, కానీ ఫోన్ ఫొటోలో రంగు నమ్మలేం. దగ్గర నుంచి చూడాల్సిందే.

నా చూపు ఆగింది దాని కింద. పసుపు ఛాయలో మెత్తటి ఒండ్రు, రెండు వేళ్ళ మందం, ఒక్క పెంకు కూడా లేకుండా. మనుషులు నడిచిన నేలలో ఏదో ఒకటి పడే ఉంటుంది. ఇంత శుభ్రంగా, ఇంత సన్నగా పరుచుకున్నది నీళ్ళు తెచ్చిన మట్టిలాగే ఉంది. ఊరికి పడమర ఈరై, తూర్పున జర్పట్. ఈ రెండు నదుల మధ్య ఉన్న ఊళ్ళో వరద ఎక్కడి దాకా వచ్చిందో చెప్పే పొర ఇలాగే ఉంటుంది. ఇప్పుడు తేల్చాల్సింది ఆ ఒండ్రుకూ మీ ఇటుక గోడకూ ఉన్న సంబంధం. ఒండ్రు గోడ అడుగు నుంచి సాగిపోతే వరద ముందు, గోడ తర్వాత. గోడ ముఖానికి వచ్చి తాకి ఆగిపోతే గోడ ముందు, వరద తర్వాత. మూడోది కూడా ఉంది. గోడకు ఇరువైపులా జానెడు వెడల్పున వేరే రంగు మట్టి నిలువుగా దిగి, ఒండ్రు దానికి అవతలే తెగిపోయి కనబడితే, పునాది వేసేటప్పుడు కందకం తవ్వి ఒండ్రును కోశారని అర్థం. అప్పుడూ గోడే తర్వాతది. ఈ చిన్న తేడా చూడటానికి ఒక తాపీ, ఒక నీళ్ళ స్ప్రే, ఓ గంట సమయం చాలు. రాత్రి కాంక్రీటు పోస్తే మాత్రం ఎన్ని లక్షలు పెట్టినా ఆ జవాబు తిరిగి రాదు.

గోడ వయసు ఇటుక కొలతతో తేలిపోతుందని కొందరు ఇంజనీర్లు అంటారు. సగం నిజం. సాతవాహనుల కాలపు ఇటుక అడుగున్నరకు అటూ ఇటూ పొడవుండే పెద్ద ఇటుక. ఇక్కడ ఏలిన గోండు రాజులు, వాళ్ళ తర్వాత వచ్చిన నాగపూర్ భోంస్లేల రోజుల్లో పలచటి చిన్న ఇటుక వాడారు. కానీ పాత దిబ్బల నుంచి ఇటుకలు పీకి తెచ్చి కొత్త గోడలు కట్టడం మన దేశమంతా ఉన్న అలవాటే. కాబట్టి ఇటుక పాతదైనంత మాత్రాన గోడ పాతది కాదు. గోడ పునాది కందకంలో పడిన పెంకుల్లో అన్నిటికంటే కొత్తది ఏదో అది చూడాలి. గోడ దానికంటే పాతదై ఉండే వీలు లేదు. అందుకే ఆ గాజుల ముక్కలు ఏ పొరలోవి, గోడకు ఏ పక్కవి అని అడుగుతాం. మీవాళ్ళు అన్నీ కలిపి ఒక సిమెంటు సంచిలో వేశారని రాశారు. ఇకపై వద్దు. ఒక్కో పొరకు ఒక్కో కవరు, మీద మార్కర్‌తో గుంత నంబరు, పై నుంచి ఎన్ని అడుగుల లోతు, తేదీ. పాత సంచిని అలాగే విడిగా ఉంచండి, దాన్ని వీటిలో కలపకండి.

సిబ్బంది వచ్చేలోపు మీరు చేయగలిగింది ఇంకా ఉంది. ఆ గుంత చుట్టూ తాడు కట్టి, మిగతా గుంతల పని సాగనివ్వండి. గుంత మీద టార్పాలిన్ వేయండి. వాన పడితే నల్లరేగడి ఉబ్బి పొరలన్నీ ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. ఇంకా లోతు తవ్వి "ఏముందో చూద్దాం" అని మాత్రం దిగకండి. మీ అనుమతి ఇల్లు కట్టుకోవడానికే. పురావస్తువుల కోసం తవ్వడం వేరే పని, దానికి వేరే లైసెన్సు. ఒకటిన్నర మీటరు దాటిన గుంతలో గోడలకు చెక్కల ఊతం లేకుండా ఎవరినీ దించకండి, మా శాఖవాళ్ళయినా సరే. రేగడి గోడ ఎప్పుడు కూలుతుందో చెప్పి కూలదు. అక్కడ పని చేసేవాళ్ళు మన సిరోంచా, ఆసిఫాబాద్ వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ళే.

జేసీబీ గురించి. మిగిలిన గుంతలు మెషీన్‌తో తవ్వుతారు కాబట్టి బకెట్ పళ్ళ మీద ఇనుప పట్టీ బిగించమని ఆపరేటర్‌కు చెప్పండి. పళ్ళ బకెట్ మట్టిని చీల్చి కలగాపులగం చేస్తుంది. పట్టీ ఉంటే నేల చెక్కినట్టు నున్నగా వస్తుంది, రంగు తేడా కంటికి ఆనుతుంది. ఒక్కో విడతకు బెత్తెడు మందం మించకుండా తీస్తూ, మెషీన్ వెనక్కి జరుగుతూ పోవాలి, చెక్కిన నేల మీదికి ఎక్కకూడదు. మంచి ఆపరేటర్‌కు ఇది చెప్పిన పది నిమిషాల్లో చేతికి వస్తుంది. అంతకంటే ముఖ్యం తట్టలు మోసే ఆడవాళ్ళ కళ్ళు. పనికొచ్చే వస్తువు నా కంటే ముందు వాళ్ళకే కనిపించడం చాలాసార్లు చూశాను, ఎందుకంటే మట్టి వాళ్ళ చేతుల మీదుగా పోతుంది. ఏది దొరికినా చూపించమని, చూపించినందుకు ఎవరూ తిట్టరని వాళ్ళకు మీరే స్వయంగా చెప్పండి. మేస్త్రీ ద్వారా చెప్పిస్తే ఆ మాట చేరదు.

పని ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇలాంటి గోడ ముక్కకు నా అనుభవంలో ఆ ఒక్క గుంత వరకు ఒకటి రెండు రోజులు. వచ్చినవాళ్ళు గుంత గోడను తాపీతో చెక్కి శుభ్రం చేస్తారు, స్కేలు కర్ర, ఉత్తర దిక్కు గుర్తు పెట్టి ఫొటోలు తీస్తారు, గ్రాఫ్ కాగితం మీద పొరల కోత గీస్తారు, రోడ్డు మీది ఏదో స్థిరమైన బిందువు నుంచి మట్టం కొలుస్తారు. ఆలస్యం ఎక్కడ జరుగుతుందంటే, మనిషి రావడంలో. నాగపూర్ సర్కిల్ పెద్దది, సిబ్బంది తక్కువ. అందుకే ఫోన్‌తో ఆగకుండా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీవైపు నుంచి ఆలస్యం లేదనడానికి అదే రుజువు.

గోడను ఏం చేయాలన్నది మీ ఇంజనీర్‌తో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. నాకు బాగా నచ్చే పద్ధతి దాన్ని కదపకుండా వదిలేయడం. ఆ పిల్లర్‌ను రెండడుగులు పక్కకు జరిపి, పక్క పిల్లర్ పునాది దిమ్మతో స్ట్రాప్ బీమ్, అంటే రెంటినీ కట్టిపడేసే అడ్డ దూలం, వేసి కలిపితే బరువు సర్దుకుంటుంది. పాత గోడ మీద మందపాటి గుడ్డ లాంటి జియోటెక్స్‌టైల్ పరిచి, శుభ్రమైన ఇసుక పోసి, ఆపైన మీ ఫ్లోరింగ్ వేసుకోవచ్చు. మీ మనవలు ఎప్పుడైనా ఆ ఇల్లు పడగొడితే, ఇసుక కనిపించగానే కింద ఏదో ఉందని వాళ్ళకు తెలుస్తుంది. స్టీలు, కాంక్రీటు కొంచెం ఎక్కువ పడుతుంది, దాచను. కుదరకపోతే పూర్తిగా రికార్డు చేశాక, అవసరమైనంత మేరకే తీస్తారు.

లంకెబిందెల పుకారు గురించి జాగ్రత్త. గుంతలో పాత గోడ అనగానే వీధిలో అదే మాట మొదలవుతుంది, రాత్రుళ్ళు గడ్డపారలతో వచ్చేవాళ్ళు నిజంగా ఉన్నారు. ఆఫీసుకు చెప్పండి, వీధికి చెప్పకండి, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు అసలు పెట్టకండి. ఒకవేళ నిజంగానే నాణేల కుండ లాంటిది దొరికితే దానికి 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది. పది రూపాయల విలువ దాటినా సరే, ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నది కలెక్టర్‌కు రాసి ఇవ్వాలి. దాచిపెడితే దొరికినవాడికి ఏడాది దాకా జైలు. "చెప్తే ఊరికే లాక్కుపోతారు" అనేది ఇక్కడా తప్పే. హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు అని ఆ చట్టమే చెప్తుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే ఆ లోహం విలువ, దానిపై ఐదో వంతు అదనంగా కట్టాలి. అంటే మీ గుంతలో దొరికితే తవ్విన కూలీకి కూడా చట్టబద్ధమైన వాటా ఉంది. ఈ సంగతి వాళ్ళకు తెలిస్తే దాచాలన్న ఆలోచన సగం తగ్గుతుంది.

ఇంత చిన్న గోడ ముక్కకు ఇంత హడావుడి ఎందుకని మీ తమ్ముడు అడిగాడన్నారు. కోట గోండు రాజు ఖండక్యా బల్లాల్ షా కాలంలో మొదలై తరాలపాటు సాగిందని, 1751లో భోంస్లేల చేతికి వెళ్ళిందని పుస్తకాల్లో ఉంది. రాణి హీరాయి భర్త బీర్ షాకు కట్టించిన సమాధి కళ్ళ ముందే ఉంది. కానీ ఆ రాజుల కింద గోడ లోపల బతికిన జనం ఎలాంటి ఇళ్ళలో ఉన్నారు, ఏం వండుకున్నారు, వరద వస్తే మళ్ళీ అక్కడే కట్టుకున్నారా అన్నది ఏ పుస్తకంలోనూ సరిగా లేదు. అది ఇలాంటి గుంతల్లోనే ఉంది. జర్పట్ ఒడ్డున పాపామియా టేకడీ అనే గుట్ట మీద రాతియుగపు పనిముట్లు దొరికాయి. దగ్గర్లోని భాందక్‌లో రాష్ట్రకూట కృష్ణుడు 772లో ఇచ్చిన రాగిశాసనం దొరికింది. ఆ రెంటికీ మధ్య, ఆ తర్వాత, ఈ నేల మీద ఏముందో చెప్పగలిగేది మట్టి పొరలే. మీ ఒక్క గుంతతో కథ మొత్తం తెలియదు. మీ గుంత, పక్క వీధిలో ఇంకో గుంత, ఇంకో వార్డులో ఇంకోటి, అన్నిట్లో అదే పసుపు ఒండ్రు అదే మట్టంలో కనిపిస్తే, ఒక పెద్ద వరద ఊరిని ఎంతవరకు ముంచిందో మ్యాపు గీయవచ్చు.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇళ్ళ గుంతలు కావు, వీధి కందకాలు. చట్టంలో "నిర్మాణం" అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలోంచి డ్రైనేజీ పనులను, ప్రజలకు నీటి సరఫరా, కరెంటు పనులను మినహాయించారు. జనానికి నీళ్ళూ కాలువలూ ఆగకూడదన్న ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం ఏమైందంటే, ఆరడుగుల చదరం గుంతకు మీరు దరఖాస్తులు పెట్టి నెలల తరబడి ఎదురుచూడాలి, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా మనిషి లోతు కందకం మాత్రం ఎవరూ చూడకుండానే తవ్వి, పైపు వేసి, వారంలో పూడ్చేయవచ్చు. ఊరి పొరలన్నీ ఒకే వరసలో కనబడే అవకాశం ఆ కందకంలోనే ఉంటుంది. ఇంగ్లండులో 1990 నాటి పీపీజీ 16 అనే మార్గదర్శకం తర్వాత, తవ్వే బిల్డరే ఖర్చు పెట్టుకుని పురావస్తు పరిశీలకుణ్ణి పక్కన నిలబెట్టడం మామూలైంది. మన దగ్గర అలాంటి సాధారణ నియమం లేదు. టెండరులో ఒక్క వాక్యం చేర్చి, కందకం పూడ్చే ముందు ఒక్క పూట చూడనిస్తే ఊరికి ఎంత మిగులుతుందో.

అందుకని మీకు ఒక పని అప్పజెప్తున్నాను. మీ వీధిలో డ్రైనేజీ కందకం ఎప్పుడు తవ్వుతారో మీ వార్డు కార్పొరేటర్‌ను అడిగి పెట్టుకోండి. తవ్విన రోజు, పూడ్చకముందు, మీరో మీ తమ్ముడో కందకంలోకి దిగకుండా గట్టు మీద నుంచే ఎదుటి గోడను ఫొటో తీయండి. మీటరు కర్రకు పది సెంటీమీటర్లకొకసారి ఎరుపు తెలుపు రంగులు వేసి కందకంలోకి నిలువుగా దించి, అది ఫ్రేములో ఉండేలా చూడండి. ఐదు మీటర్లకు ఒక ఫొటో. మొదటి ఫొటోలో ఏదైనా ఇంటి నంబరో కరెంటు స్తంభమో పడాలి, ఎక్కడిదో తర్వాత తెలియడానికి. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు కంటే మబ్బు పట్టినప్పుడు రంగులు బాగా తేలతాయి. ఎండ ఉంటే ఇంకొకరు గొడుగు పట్టుకుని నీడ చేయాలి. మీ గుంత రికార్డుతో పాటు ఆ ఫొటోలు కూడా సర్కిల్ ఆఫీసుకు ఇచ్చి, కాపీ ఒకటి ఇంటి కాగితాలతో ఉంచుకోండి. ఒండ్రు కనిపించిన చోట మాత్రం రోడ్డు మట్టం నుంచి దాని లోతు టేపుతో కొలిచి ఫొటో పేరులోనే రాయండి.